రాయలచెరువులో తెరచాప పడవ: ప్రాజెక్టు డైరీ

తిరుపతి కొర్లగుంటలో మోటార్లు రీవైండింగ్ చేసుకుంటాను. ఎందుకు మొదలుపెట్టానన్నది వదిలేస్తున్నాను. 65 సెంటీమీటర్ల తెరచాప పడవ చేశాను, అది చాలాకాలం నేను అనుకున్నట్టు నడవలేదు. ఇంకెవరైనా చేయదలిస్తే నేను తగలేసిన సీసం, జిగురు, ఆదివారాలు వాళ్లకు మిగలాలని ఈ లెక్కలు రాస్తున్నాను.

పనిముట్లు: వంటింటి డిజిటల్ త్రాసు, స్ప్రింగ్ త్రాసు, హ్యాక్సా, రెండు ఆకురాళ్లు, ఉప్పుకాగితం, 12 వోల్టుల సప్లై, స్టాప్‌వాచీ ఉన్న ఫోను. గాలి వేగం కొలవడానికి జిల్లేడు దూది. గట్టు మీద 10 మీటర్లు గుర్తు పెట్టుకుని దూది పింజ వదిలి సెకన్లు లెక్కపెట్టాలి. 4 సెకన్లలో దాటితే గాలి సెకనుకు 2.5 మీటర్లు. వాయులింగం ఉన్న శ్రీకాళహస్తి మాకు గంట దూరంలోనే ఉంది కానీ, గాలిని కొలవడానికి నాకు దొరికింది జిల్లేడు చెట్టే.

దశ 1: డొప్ప

1. 5 సెం.మీ. మందం థర్మకోల్ పలకలు రెండు తెల్ల జిగురుతో అతికించాను. పొడవు 65, వెడల్పు 15.
2. పాత హీటరు కాయిల్ సాగదీసి, 12 వోల్టులు ఇచ్చి, ఆ వేడి తీగతో ఆకారం కోశాను.
3. నీళ్లు పట్టకుండా పైన వైండింగ్ వార్నిష్ పూశాను.

మూడో అంకె దగ్గరే పని చెడింది. మా షాపులో రోజూ వాడే వార్నిష్ కదా అని దిట్టంగా పూసి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి ముక్కు భాగం బెల్లం పాకంలా కుంగిపోయి ఉంది. వార్నిష్‌లోని ద్రావకానికి థర్మకోల్ కరిగిపోతుంది. అది తెలిసే ఉండాలి, నాకు తెలియదు. మళ్లీ కోసి, ఈసారి దినపత్రిక కాగితం మూడు పొరలు తెల్ల జిగురుతో అంటించి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, పైన ఎనామిల్ వేశాను. ఎక్కడ కాగితం మడత పడి సన్నటి సందు మిగిలిందో అక్కడ ఎనామిల్ కూడా లోపలికి దిగి చిన్న గుంట చేసింది. కాబట్టి కాగితం మూడు పొరలకు తగ్గనివ్వకండి.

ఖర్చు: థర్మకోల్ 120, జిగురు 180, ఎనామిల్ 110. మొత్తం రూ. 410. బరువు 340 గ్రాములు.

దశ 2: గాలి నెడుతుందని నమ్మిన రోజులు

తెరచాప అంటే గాలికి అడ్డంగా పట్టే గుడ్డ, గాలి నెడితే పడవ పోతుంది. నాకు తెలిసిందల్లా అంతే. పాత గొడుగు గుడ్డ, వెదురు పుల్ల, నడుమకు గాలపు తాడు కట్టి రాయలచెరువుకు తీసుకెళ్లాను. కల్యాణి డ్యాం తాగునీటిది, అక్కడ ఇలాంటి పనులు పెట్టుకోకూడదు.

మొదటి పూట ఐదుసార్లు వదిలితే నాలుగుసార్లు బోర్లా పడింది. ఐదోసారి పీతలా పక్కకు నడుస్తూ ఎదుటి ఒడ్డున తూటికాడల్లో చిక్కుకుంది. కింద బరువు లేకనే బోర్లా పడుతోందని, బండి చక్రాలకు బ్యాలెన్స్ కోసం వేసే సీసం ముక్కలు తుక్కు కొట్లో అరకిలో పైచిలుకు కొని డొప్పలో పరిచాను. బోర్లా పడటం తగ్గింది. ఒకసారి పడితే మాత్రం అలాగే ఉండిపోయింది, లేవలేదు. పక్కకు జారటం మారనే లేదు.

దానికి నేను కనిపెట్టిన వైద్యం చాపను మార్చడం. వెడల్పు చేశాను, ఎత్తు చేశాను, కొయ్యను వెనక్కి వంచాను. మూడు ఆదివారాలు పోయాయి. గాలి పక్క నుంచి వీస్తుండగా 10 మీటర్లు ముందుకు పోయే లోపు ఎంత పక్కకు జారిందో గట్టు మీది గుర్తులతో కొలిచాను: 7 మీటర్లు, 6.8, 7.2. గుడ్డ ఎలా మార్చినా లెక్క ఒకటే.

ఆ వారంలో పంపు పని మీద సూళ్లూరుపేట వైపు వెళ్లాను. పులికాట్ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు ఫోనులో వీడియో చూపించాను. ఆయన గుడ్డ వైపు చూడనైనా లేదు.

"పలక ఏదయ్యా?" అన్నారు.

"ఏ పలకండీ?"

"నీళ్లలోకి దించే పలక. అది లేకపోతే గాలి ఎటు తోస్తే అటే పోతుంది. దాన్ని పడవ అనరు, కొబ్బరిమట్ట అంటారు."

చక్రాల సీసం రూ. 120. మొత్తం రూ. 530.

దశ 3: అడుగు రెక్క

షాపులో మిగిలిన 3 మి.మీ. బేకలైట్ షీటు నుంచి 5 సెం.మీ. వెడల్పు రెక్క కోశాను. నీళ్లలో ఉండే భాగం 25 సెం.మీ. ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు పలచగా ఆకురాయితో దిద్దాలి. రెండూ మొద్దుగా వదిలేస్తే వెనక సుడులు కడతాయి.

డొప్పలో పరిచిన సీసాన్నే కరిగించి రెక్క చివరకు గుండుగా పోశాను. కరిగించేటప్పుడు జాగ్రత్త. ఆరుబయట, గాలి వచ్చే వైపు నిలబడి చేయాలి. ఆ పాత్రను మళ్లీ వంటింట్లోకి తేకూడదు. అచ్చులో తేమ ఉంటే సీసం పైకి చిమ్ముతుంది. నేను ఇసుకను పెనం మీద వేయించి మరీ వాడాను. గుండు బరువు 520 గ్రాములు. రెక్క చివర గాడి కోసి, గుండు బిగించి, ఎం-సీల్ పెట్టాను.

అదే చెరువు, అదే గొడుగు గుడ్డ, సుమారు అదే గాలి. 10 మీటర్లకు పక్కజారుడు: 90 సెం.మీ., 85, 95.

7 మీటర్లు ఎక్కడ, 90 సెంటీమీటర్లు ఎక్కడ! ముందు నమ్మలేక టేపు మళ్లీ లాగాను. అరచేతి వెడల్పు కూడా లేని బేకలైట్ ముక్క అంత పెద్ద గుడ్డ తోపును ఎలా కాచిందన్నది తర్వాత లెక్క వేస్తే తేలింది. నీరు గాలికన్నా సుమారు 830 రెట్లు చిక్కన. గాలిలో పెద్ద గుడ్డ పట్టిన పట్టుకు నీళ్లలో చిన్న పలక సరిపోతుంది.

మిగిలిన 90 సెంటీమీటర్లను కూడా సున్నా చేయాలని రెక్కను రెండింతలు వెడల్పు చేసి చూశాను. జారుడు 60కి దిగింది, పడవ మందగించింది. ఆ ప్రయత్నం తప్పు. 10 మీటర్లకు 90 సెం.మీ. అంటే దాదాపు 5 డిగ్రీలు. ఆ 5 డిగ్రీల వాలుతోనే నీరు రెక్కకు ఏటవాలుగా తగులుతుంది, అందువల్లే రెక్క పక్కతోపును కాస్తుంది. అసలు జారకపోతే రెక్కకు పట్టే ఉండదు. తెరచాప పడవ ముక్కు చూపిన చోటికి ఖచ్చితంగా ఎప్పుడూ పోదు. మళ్లీ 5 సెం.మీ. రెక్కే పెట్టాను.

ఇంకో భ్రమ కూడా ఇక్కడే పోయింది. పడవ ఒరిగితే మునగబోతోందని మా అమ్మ గట్టు మీద కేకలు పెట్టేది. తొట్టిలో పెట్టి కొయ్య కొసను నీళ్లకు ఆనించి వదిలాను. పదికి పదిసార్లూ లేచి నిలబడింది. అరకిలో సీసం డొప్పలో ఉన్నప్పుడు లేవనిది, అదే సీసం 25 సెంటీమీటర్ల కిందికి దిగాక లేచింది. పైగా ఒరిగినకొద్దీ చాప మీద పడే గాలి తగ్గుతుంది, గుండు పక్కకు వెళ్లి మరింత బలంగా వెనక్కి లాగుతుంది.

ఎం-సీల్ రూ. 80. మొత్తం రూ. 610. బరువు: 340 + 70 + 520 = 930 గ్రాములు.

దశ 4: గుడ్డ, ఊలు దారం, మిరియాల పొడి

గొడుగు గుడ్డ సంచిలా ఉబ్బేది. ఉబ్బు ఎక్కువైతే గాలి ఎక్కువ పడుతుంది కదా అని దాన్నే మెచ్చుకునేవాడిని. ఎదురుగాలి వైపు తిప్పితే మాత్రం ముందు అంచు పటపటా కొట్టుకుని పడవ ఆగిపోయేది.

వానకోటు గుడ్డతో కొత్తది త్రికోణంగా కుట్టించాను: ఎత్తు 105, అడుగు అంచు 34 సెం.మీ., వైశాల్యం సుమారు 1,785 చ.సెం.మీ. "పతాకమా సార్, చాంతాడంత పొడుగుంది" అంటూనే మా వీధి టైలరు అంచులు చక్కగా మడిచి ఇచ్చారు. కొయ్యకు విరిగిన చేపల కర్ర పై ముక్క సరిపోయింది. ఉబ్బు వెడల్పులో పదో వంతు దగ్గర ఉంచాను, అంటే అడుగున 3 సెం.మీ.

ఇది కూడా మొదట నడవలేదు. బిగుతుగా లాగితే జోరు వస్తుందని చాపను బిగించే తాడును చివరి దాకా లాగి కట్టేవాడిని. మా మేనల్లుడు ఇంటర్ రెండో ఏడు. చాపకు రెండు వైపులా ఊలు దారం ముక్కలు అంటించమన్నది వాడే. బిగించి కట్టినప్పుడు గాలి చాటు వైపు దారాలు పిచ్చిపట్టినట్టు గిరగిరా తిరిగాయి. తాడు వేలెడు వదలగానే రెండు వైపులా దారాలు వెనక్కి సాఫీగా పడుకున్నాయి, పడవ ముందుకు దూకింది.

అప్పటి నుంచి నా పద్ధతి:

1. ముందు అంచు రెపరెపలాడే దాకా తాడు వదలాలి.
2. రెపరెప ఆగే దాకా మాత్రమే లాగాలి.
3. గాలి చాటు దారం తిరుగుతుంటే ఎక్కువ లాగినట్టు.

మేనల్లుడు అక్కడితో ఆగలేదు. "మామయ్యా, ఉబ్బు వైపు దారి పొడుగు. రెండు వైపులా గాలి ఒకేసారి వెనక అంచుకు చేరాలి కాబట్టి ఉబ్బు వైపు వేగంగా పోతుంది. అందుకే బలం" అన్నాడు. ఒకేసారి ఎందుకు చేరాలిరా, ఆ గాలులకు పెళ్లి ముహూర్తం ఏమైనా ఉందా అని అడిగితే జవాబు లేదు. పైగా ఇది పలచటి గుడ్డ. రెండు వైపులా పొడవు దాదాపు ఒకటే. వాడి లెక్కన మా పడవ కదలకూడదు.

పరీక్ష పెట్టాం.

1. వెడల్పాటి అల్యూమినియం ట్రేలో 4 సెం.మీ. నీళ్లు పోసి, పూర్తిగా నిలకడ పడనిచ్చాం.
2. నీళ్ల మీద అడ్డంగా సన్నటి గీతలా మిరియాల పొడి చల్లాం.
3. 4 అంగుళాల పీవీసీ గొట్టం నుంచి కోసిన 6 సెం.మీ. వంపు పలకను నిలువుగా ముంచి, కొంచెం ఏటవాలుగా పట్టి, గీతను కోస్తూ నెమ్మదిగా జరిపాం.
4. ఫోనును పైన బిగించి స్లో మోషన్‌లో తీశాం.

గీత రెండుగా తెగింది, మళ్లీ కలవలేదు. ఉబ్బు వైపు పొడి పలక తోక వైపు 2 సెం.మీ. వెనక్కి జారింది. లోపలి వైపు పొడి పలకతోపాటు దాదాపు 1 సెం.మీ. ముందుకు వచ్చింది. పలక మీద కూర్చుని చూస్తే ఉబ్బు వైపు నీళ్లు తోక దగ్గరికి ముందే చేరిపోయాయి. ఒకేసారి చేరటం అన్న మాటే లేదు. ఉబ్బు వైపు వేగం ఎక్కువన్నది నిజమే, పీడనం తక్కువన్నదీ నిజమే. కారణంగా చెప్పిన కథ మాత్రం తప్పు. చాప గాలిని ఒక పక్కకు మళ్లిస్తుంది, ఆ మళ్లించిన దానికి బదులుగా చాప రెండో పక్కకు తోయబడుతుంది.

ఆ తోపులో ఎక్కువ భాగం పక్కకే, కొంత మాత్రం ముందుకు. పక్కభాగాన్ని అడుగు రెక్క మింగేస్తే మిగిలినదే నడక. పులుసు తీసేసిన చింతగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే ముందుకు దూకుతుంది చూడండి, అలాంటిదే. ఒక వేలు గాలి, ఒక వేలు నీరు.

ఖర్చు: కర్ర 220, గుడ్డ 90, కుట్టుకూలి 100. మొత్తం రూ. 1,020. బరువు 1,060 గ్రాములు.

దశ 5: ఎదురుగాలి

పాత రిమోటు ఒకటి రూ. 2,400, సర్వో మోటార్లు (రిమోటు చెప్పినంత మేర తిరిగి ఆగే చిన్న మోటార్లు) రెండు రూ. 700, సెల్స్ రూ. 120. ఒక సర్వో చుక్కానికి, ఒకటి చాప తాడుకు. బరువు 240 పెరిగి 1,300 గ్రాములైంది. నేను అనుకున్నది 1,200. పడవ 2 మి.మీ. ఎక్కువ దిగింది, ఫరవాలేదు.

గాలికి సూటిగా ఎదురు ఏ తెరచాప పడవా పోజాలదు. అటూ ఇటూ ఏటవాలుగా, కొండ ఎక్కే ఘాట్ రోడ్డులా మలుపులు తిరుగుతూ పోవాలి. రెండు ఖాళీ సీసాలు గాలి దిశలో 20 మీటర్ల దూరంలో తేల్చి, కింది దాని నుంచి పై దానికి పోవటం పరీక్ష.

మొదటి రెండు ఆదివారాలు ఒక్కసారి కూడా చేరలేదు. చుక్కాని వదిలితే చాలు, ముక్కు తనంతట తానే గాలి వైపు తిరిగి, గుడ్డ కొట్టుకుంటూ నిలబడిపోయేది. మలుపులో ఆగితే ఇక అంతే, వెనక్కి కొట్టుకొచ్చేది. చుక్కాని చిన్నదని 24 చ.సెం.మీ.ది తీసి 36ది పెట్టాను. తిరగటం మెరుగైంది, వేగం పడిపోయింది. చుక్కానిని ఎప్పుడూ 20 డిగ్రీలు వంచి పట్టుకోవాల్సి వస్తే అది చుక్కాని కాదు, బ్రేకు.

మళ్లీ చాప మీద అనుమానం. కొయ్యను అటూ ఇటూ వంచి ఒక పూట పోగొట్టుకున్నాక తొట్టి దగ్గర కూర్చుని ఇలా చేశాను:

1. అట్టతో చాప ఆకారం కోసి వేలి మీద నిలబెట్టి దాని నడిబిందువు పట్టుకున్నాను.
2. పడవను నీళ్లలో పెట్టి పుల్లతో పక్క నుంచి నెట్టాను. ముక్కుగానీ తోకగానీ తిరగకుండా పడవ మొత్తం పక్కకు జరిగిన చోటు గుర్తు పెట్టాను. అది అడుగు భాగపు నడిబిందువు.
3. రెండింటి మధ్య తేడా కొలిచాను.

చాప బిందువు 3 సెం.మీ. వెనక ఉంది. గాలి వెనక నెడుతోంది, నీరు ముందు పట్టుకుంటోంది, ముక్కు గాలి వైపు తిరగక ఏం చేస్తుంది? కొత్త గాడి కోసి రెక్కను 4 సెం.మీ. వెనక్కి జరిపాను. అప్పుడు చాప బిందువు అడుగు బిందువుకన్నా 1 సెం.మీ. ముందుకు వచ్చింది. గుండు కూడా వెనక్కి పోతే తోక మునుగుతుంది కాబట్టి, గుండును రెక్క మీద 4 సెం.మీ. ముందుకు జరిపి బిగించాను. పాత గాడిని మూసినప్పుడు తొందరపడి తడి మీదే ఎం-సీల్ పెట్టాను. అరగంటలో 60 గ్రాముల నీళ్లు లోపలికి చేరాయి. ఆరాక ఉప్పుకాగితంతో గరుకు చేసి, అప్పుడు పెట్టాలి.

తర్వాతి ఆదివారం పాత చిన్న చుక్కానితోనే 20 మీటర్లు ఎక్కింది. గాలికి 48 డిగ్రీల కోణం, నాలుగు మలుపులు, నడిచిన దారి సుమారు 30 మీటర్లు, సమయం 1 నిమిషం 8 సెకన్లు. 40 డిగ్రీలకు బిగిస్తే ముక్కు సీసా వైపు చూస్తుంది, పడవ మాత్రం జారుతుంది. సమయం 1 నిమిషం 40కి పోయింది. చెరువు చుట్టూ కొండలు, గాలి నిమిషానికో దిక్కు మారుతుంది, కాబట్టి ఇవన్నీ ఐదేసి సార్ల సగటులు.

మొత్తం రూ. 4,240.

దశ 6: వేగం

గాలి వెనక నుంచి వీస్తేనే పడవ అన్నిటికన్నా జోరుగా పోతుందని గట్టు మీద చేరిన ప్రతివారూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. దూది లెక్కన గాలి 2.5 మీటర్లు ఉన్నప్పుడు 20 మీటర్లకు:

గాలి సరిగ్గా వెనక నుంచి: 36 సెకన్లు.
గాలి సరిగ్గా పక్క నుంచి: 24 సెకన్లు.
వెనక పక్క మూల నుంచి: 22 సెకన్లు.

వెనక గాలితో పోతుంటే పడవ వేగం పెరిగినకొద్దీ దానికి తగిలే గాలి తగ్గుతుంది. సెకనుకు 0.56 మీటర్లు నడిచే పడవకు మిగిలేది 1.94 మాత్రమే. గాలికి అడ్డంగా పోతే పడవ నడకే ఇంకో గాలిని పుట్టిస్తుంది. రెండూ కలిసి 2.63 అవుతాయి. దీన్ని కంటితో చూడవచ్చు. కొయ్య కొసకు ఒక రిబ్బను, గట్టు మీది కర్రకు ఒకటి కట్టాను. పడవ నిలిచి ఉన్నప్పుడు రెండూ ఒకే వైపు ఎగిరాయి. నడక అందుకోగానే పడవ మీదిది దాదాపు 20 డిగ్రీలు తోక వైపు తిరిగింది. మేనల్లుడు ముడి వదులైందేమో అనుకున్నాడు. చాపను సర్దాల్సింది ఆ రిబ్బను చూసే, గట్టు మీది దాన్ని చూసి కాదు.

22 సెకన్ల దగ్గర ఆశపడి చాపను 2,150 చ.సెం.మీ.కి పెంచాను. ఖర్చు రూ. 190. ఫలితం 21.4 సెకన్లు, మరింత ఒరగడం. ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే. ఇలాంటి డొప్ప నీళ్లలో పోతున్నప్పుడు ముక్కు దగ్గర ఒక అల, తోక దగ్గర ఒక అల లేస్తాయి. వేగం పెరిగినకొద్దీ వాటి మధ్య దూరం పెరిగి, చివరకు పడవ తాను లేపిన అలల మధ్య పల్లంలో ఇరుక్కుంటుంది. మీటర్లలో నీటిమట్టపు పొడవుకు, అంటే డొప్ప నీళ్లను తాకే పొడవుకు, వర్గమూలం తీసి 1.25తో గుణిస్తే సెకనుకు మీటర్లలో ఆ హద్దు వస్తుంది. మాది 60 సెం.మీ. కాబట్టి 0.97. నేను 0.93 దగ్గర ఉన్నాను. ఇక గుడ్డ పెంచి లాభం లేదు.

ఈ హద్దు నీళ్లను దున్నుకుంటూ పోయే డొప్పకే. డొప్ప నీళ్లపైకి లేచిపోయేలా చేస్తే లెక్క మారుతుంది. 2012 నవంబరులో నమీబియాలోని వాల్విస్ బే దగ్గర సెయిల్‌రాకెట్ 2 అనే తెరచాప పడవ 500 మీటర్ల మీద సగటున 65.45 నాట్లు, అంటే గంటకు 121 కిలోమీటర్లు పోయింది. అప్పటి గాలి అందులో సగమైనా లేదు. గాలికన్నా పడవ వేగంగా పోజాలదన్నది కూడా భ్రమే.

మొత్తం రూ. 4,430.

వాన పడిన ఆదివారం

చెరువుకు వెళ్లలేకపోయాం. పడవ మీదే ఫ్యాను పెట్టి చాపకు ఊదితే పోదా అని మేనల్లుడి ప్రశ్న. రూ. 110 పెట్టి చిన్న ఫ్యాను తెచ్చి, రిమోటు బ్యాటరీతో తొట్టిలో తిప్పాం. చాపకు ఎదురుగా ఊదితే నిమిషానికి జానెడు కూడా కదల్లేదు. చాప తీసేస్తే తోక వైపు పరుగెత్తింది. ఫ్యాను తిరగేస్తే, చాప లేకుండానే, ముందుకు. వాడు కాసేపు చూసి, "అయితే చాప ఇక్కడ దండగ" అన్నాడు. మొత్తం రూ. 4,540.

దశ 7: నాచు

ఇప్పుడున్న తిప్పలు ఇవి. వానలకు చెరువు నిండి అంచుల్లో నాచు, గుర్రపుడెక్క పెరిగాయి. నిటారుగా దిగిన రెక్కకు నాచు కొక్కేనికి పట్టినట్టు పడుతోంది. గుప్పెడు నాచు, తడిదే 80 గ్రాములు, పట్టినప్పుడు 24 సెకన్ల దూరానికి 41 సెకన్లు పట్టింది. నిన్న పడవ మందగించగానే నా చెయ్యి అలవాటుగా చాప తాడు సర్వో మీదికే పోయింది.

తర్వాతి మార్పు రెక్కను వెనక్కి 35 డిగ్రీలు వాల్చటం, నాచు కిందికి జారిపోయేలా. అలా వాల్చితే అడుగు బిందువు మళ్లీ వెనక్కి పోతుంది కాబట్టి పై గాడిని ముందుకు జరపాలి. బేకలైట్ ముక్క కోసి ఉంచాను. పాత గాడి ఆరటానికి ఇంకా రెండు రోజులు పడుతుంది.

మొత్తం రూ. 4,540. బరువు 1,300 గ్రాములు, నాచు కాకుండా.